చీలమండ మడవకపోతే మునిపాదం మోస్తుంది

షుగర్ ఉన్నవాళ్లకు అరికాల్లో పుండు పడితే చాలావరకు బొటనవేలి మొదలు కిందో, పక్కవేళ్ల మొదళ్ల కిందో పడుతుంది. ముందు అక్కడ చర్మం మందమై ఆనె కడుతుంది. కొన్నాళ్లకు ఆనె లోపల రక్తం గూడుకట్టి నల్లటి మచ్చలా కనిపిస్తుంది. నరాల స్పర్శ అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు. మేకు గుచ్చుకుందేమో, చెప్పు కరిచిందేమో అని ఇంట్లోవాళ్లు వెతుకుతారు. చాలాసార్లు అలాంటిదేమీ దొరకదు. రోజూ నడిచే నడకే ఆ పుండు చేసి ఉంటుంది. అందులో చీలమండ బిగుతు వాటా ఎంత అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

ఒక మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక చుట్టు అనుకుంటే, అందులో దాదాపు 60 శాతం సేపు ఆ పాదం నేలమీదే ఉంటుంది. అమెరికాలోని రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రిలో నడకను ఏళ్ల తరబడి పరిశీలించిన డాక్టర్ జాక్వెలిన్ పెర్రీ, ఆ కాసేపట్లో శరీరం మూడుసార్లు ముందుకు దొర్లుతుందని వివరించారు. మొదటి దొర్లింపు మడమ గుండ్రం మీద. ముంగాలి కండరం పట్టి ఉంచుతుంది కాబట్టి పాదం టప్పున పడకుండా మెల్లగా నేలకు ఆనుతుంది. మూడోది వేళ్ల మొదళ్ల మీద. మడమ లేస్తుంది, బొటనవేలు పైకి మడుస్తుంది, దాంతో అరికాలి కింది గట్టి పొర బిగుసుకుని పాదం వంపు పైకి లేస్తుంది. ఈ బిగింపు ఎలా పనిచేస్తుందో 1954లో జె. హెచ్. హిక్స్ చూపించారు.

మన ప్రశ్నకు ముఖ్యమైనది రెండో దొర్లింపు. పాదం నేలకు అంటుకునే ఉంటుంది, కాలి ఎముక దాని మీదుగా ముందుకు వాలుతుంది. అప్పుడు చీలమండ దాదాపు 10 డిగ్రీలు పైకి మడవాలి. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, మడమ వెనకాల ఉండే ఎకిలీస్ స్నాయువు, కీలు చుట్టూ ఉండే పొరలు బిరుసెక్కుతాయి. ఆ 10 డిగ్రీలు దొరకవు. శరీరం మాత్రం ముందుకు పోవాల్సిందే. అందుకని కొందరిలో మడమ వేళకు ముందే లేచి బరువు మునిపాదం మీద ఎక్కువసేపు నిలుస్తుంది. కొందరు అడుగు చిన్నది చేసుకుంటారు. కొందరికి పాదం నడిమిభాగమే వంగుతుంది.

ఈ తర్కం బాగానే ఉంది, కానీ తర్కం రుజువు కాదు. 2002లో లావెరీ బృందం 1,666 మంది మధుమేహ రోగులను పరీక్షించింది. పాదాన్ని లంబకోణం దాకా కూడా తేలేనివాళ్లు 10.3 శాతం మంది. అరికాలిపై అధిక ఒత్తిడి ఉండే ప్రమాదం వీళ్లలో మిగతావాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. అయితే ఇది ఒక్కసారి చూసి లెక్కగట్టిన సంబంధం. బిగుతే ఒత్తిడిని పెంచిందని దీన్నిబట్టి తేల్చలేం.

అంతకంటే బలమైన ఆధారం 2003లో ముల్లర్ బృందం ప్రచురించిన ప్రయోగం. చీలమండ 5 డిగ్రీలకు మించి పైకి మడవని, మునిపాదంలో పుండు ఉన్న 64 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అరికాలంతా ఆనుకునే పిండికట్టు ఒక్కటే వేశారు. రెండో జట్టుకు దాంతోపాటు ఎకిలీస్ స్నాయువును పొడవు చేసే ఆపరేషన్ కూడా చేశారు. పుండు మానడంలో 88 శాతానికి 100 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా రుజువు కాలేదు. తేడా తర్వాత బయటపడింది. రెండేళ్లలో పుండు తిరగబెట్టింది కట్టు జట్టులో 81 శాతం మందికి, ఆపరేషన్ జట్టులో 38 శాతం మందికి.

ఇక్కడ నన్ను ఆపే సంగతి ఒకటుంది. ఆపరేషన్ తర్వాత మునిపాదం మీద తగ్గిన ఒత్తిడి, పిక్క బలం తిరిగొచ్చేసరికి, దాదాపు ఎనిమిది నెలల్లో మళ్లీ పాత స్థాయికి చేరింది. అయినా పుండ్లు తక్కువే పడ్డాయి. కాబట్టి 'చీలమండ వంగింది, ఒత్తిడి తగ్గింది, పుండు ఆగింది' అన్న సూటి వరస ఈ ఫలితాన్ని పూర్తిగా వివరించదు. పైగా స్నాయువును మరీ పొడవు చేస్తే భారం మడమ మీద పడి అక్కడ పుండు పడొచ్చు, అది మాన్పడం ఇంకా కష్టం. అంతర్జాతీయ మధుమేహ పాద బృందం 2023 మార్గదర్శకాలు సైతం ముందు విప్పలేని కట్టుతో భారం తప్పించమంటాయి. ఆపరేషన్ ఆలోచన అది పనిచేయకపోతేనే.

కొలతలోనూ చిక్కుంది. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరుగురి పాదాల ఎముకల్లోకే సన్నటి పిన్నులు దించి, నడిపించి కొలిచారు. చీలమండకు ముందున్న చిన్న ఎముకల మధ్య కదలిక అనుకున్నదానికంటే ఎక్కువని తేలింది. ఆరుగురి లెక్కను అందరికీ అంటగట్టకూడదు. కానీ పాదాన్ని వేళ్ల దగ్గర పట్టుకుని పైకి నెడితే వచ్చే డిగ్రీలన్నీ చీలమండవి కావని మాత్రం ఇది హెచ్చరిస్తోంది. మడమను గుప్పిట బిగించి, పాదాన్ని కాస్త లోపలికి తిప్పి పట్టుకుని నెట్టాలి.

మన దగ్గర ఇంకో పొరపాటుకు చోటుంది. 'నేను మడమలు ఆనించి గొంతుక్కూర్చోగలను, నా చీలమండ బాగానే ఉంది' అని పేషెంటు అంటారు. గొంతుక్కూర్చోవడానికి నడకకంటే ఎక్కువ వంపే కావాలి, నిజమే. కానీ అప్పుడు మోకాలు పూర్తిగా మడిచి ఉంటుంది. పిక్కలో పైనున్న కండరం మోకాలి పైనుంచి మొదలవుతుంది కనుక మోకాలు మడిస్తే అది వదులవుతుంది. నడకలో చీలమండకు ఆ 10 డిగ్రీలు కావాల్సి వచ్చే క్షణంలో మోకాలు దాదాపు చాచి ఉంటుంది, కండరం లాగి ఉంటుంది. గొంతుక్కూర్చోగలిగిన మనిషికీ నడకలో బిగుతు ఉండొచ్చు. అందుకే మోకాలు చాపించి ఒకసారి, మడిపించి ఒకసారి కొలిచి, రెండు అంకెలూ విడివిడిగా కేసు షీటులో రాయాలి.