కుందేలు ఎందుకు చిక్కినది?

మా యింట ఒక కుందేలు ఉన్నది. మా అమ్మాయి పదవ పుట్టినరోజున మా బావమరిది దానిని బుట్టలో పెట్టి తెచ్చినాడు. నాలుగేండ్లు గడచినవి. ఉగాదికి ముందు గోళ్లు కత్తిరించుటకు పశువైద్యుని వద్దకు తీసికొనిపోయినప్పుడు దాని బరువు 1,900 గ్రాములని ఆయన చీటీమీద వ్రాసి యిచ్చినాడు. శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము అమ్మాయి దానిని ఒడిలో పెట్టుకొని నిమురుచు, "నాన్నా, దీని వెన్నెముక చేతికి తగులుతున్నది" అన్నది. వంటింటి త్రాసుమీద కూర్చుండబెట్టి చూచితిమి. 1,480 గ్రాములు. అరువది కిలోల మనిషి పదమూడు కిలోలు తగ్గిపోయినట్లు. అయినను ఆ బొచ్చు క్రింద ఇంట్లో ఎవరికిని కనిపించలేదు.

ఇది కుందేటి స్వభావము. వేటకు గురియగు జంతువు తన నొప్పిని దాచుకొనును. కుంటుచున్నట్లు కనిపించినదానినే నక్కయు, గ్రద్దయు ముందుగా పట్టుకొనును గదా! కుక్క మూలుగును, పిల్లి అరచును. కుందేలు మాత్రము మూల చేరి కూర్చుండును. అందుచేత అది చిక్కిపోవుటకు కారణమేమని విచారింపదలచినవారు దానిని అడిగి లాభము లేదు. అది విడిచిన వస్తువులను అడుగవలెను. ఈ మాట నేను ఊహించి చెప్పినది కాదు. మూడు శతాబ్దముల చరిత్ర చెప్పినది. నేను చదువుకొన్నది చరిత్రయే గాని పశువైద్యము కాదు. కనుక ఆ నెలలో మా యింట జరిగిన విచారణతోపాటు ఆ చరిత్రను గూడ శ్రోతలకు మనవి చేయుదును.

ముందుగా ఒక చిన్న స్పష్టత. మన మెట్టపొలాలలో పరుగెత్తు నల్లమెడ కుందేలు వేరు, పంజరములలో పెంచు ఈ కుందేలు వేరు. మనది బొరియ త్రవ్వదు. పిల్లలు బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. పెంపుడు కుందేలు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతముల బొరియ కుందేటి సంతతి. దాని పిల్లలు గ్రుడ్డిగా, బోసిగా పుట్టును. తెలుగులో రెండింటికిని ఒకే పేరు గనుక ఈ భేదము మనకు తోచదు.

చిక్కిపోయిన జంతువును చూడగానే పురుగులని అనుకొనుట లోకములో వాడుక. నేనును అట్లే అనుకొని, ఎవరిని అడుగకుండ పురుగుల మందు తెచ్చి పోసితిని. వారము గడచినది. బరువు 1,440 గ్రాములకు దిగినది.

అయితే నా అనుమానము వంశము లేనిది కాదు. హాలండు దేశమున డెల్ఫ్ట్ పట్టణములో లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తానే అరగదీసికొన్న చిన్న గాజుకటకములతో లోకమున ఉన్న వస్తువులనెల్ల పరిశీలించు వ్యసనము గలవాడు. అతడు 1674 అక్టోబరులో లండను రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గుకు వ్రాసిన లేఖలో, ఒక ముసలి కుందేటి పైత్యరసములో గ్రుడ్డు ఆకారముగల సూక్ష్మకణములు చూచితినని తెలిపినాడు. అవి యేమో అతనికి తెలియదు. తెలిసినట్లు నటింపనులేదు. రెండువందల నలుబది యెనిమిది సంవత్సరముల తరువాత, 1922లో, క్లిఫర్డ్ డోబెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ లేఖను సానుభూతితో చదివి, అవి కుందేటి కాలేయమును పట్టు కాక్సిడియా అను పరాన్నజీవి యొక్క గ్రుడ్లవంటి కోశములని నిర్ణయించినాడు. మనుష్యుడు కంటితో చూచిన తొలి ఏకకణ పరాన్నజీవి అదియే.

ఈ జీవి కాలేయములోని పైత్యనాళములలో చేరి తెల్లని గడ్డలు లేపును. లేత కుందేళ్లు తినుచునే చిక్కిపోవును. పొట్ట మాత్రము ఉబ్బును. 1839లో థామస్ గార్డన్ హేక్ అను ఆంగ్ల వైద్యుడు ఈ గడ్డలను కోసి చూచినాడు. లోపల ఆ అండాకార కణములు అతనికిని కనిపించినవి. కాని అతడు వానిని జీవులని గుర్తింపక, ఇది కాలేయనాళముల రాచపుండు అని నిశ్చయించి గ్రంథము వ్రాసినాడు. ఈ హేక్ కవి కూడ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న మన సామెత అక్షరాల ఇతనియెడ వర్తించినది. వర్తకుడు తెలియదని ఊరకుండి నిజమునకు దగ్గరగా నిలిచినాడు. వైద్యుడు తెలిసినదని దూరముగా పోయినాడు. పురుగుల మందు సీసా చేతబట్టుకొని హేక్‌ను పరిహసించుటకు నాకు అర్హత లేదనుకొనుడు.

మా కుందేటి పెంటికలను పరీక్షకు పంపితిమి. పురుగులు లేవు, కాక్సిడియా కోశములు లేవు అని వచ్చినది.

అప్పుడు నాకు క్లాడ్ బెర్నార్డ్ జ్ఞప్తికి వచ్చినాడు. ఫ్రాన్సులో ద్రాక్షతోటల కూలికుటుంబమున 1813లో జన్మించి, యౌవనమున నాటకములు వ్రాసి, ఒక విమర్శకుని సలహాచే వైద్యమునకు మళ్లిన మహనీయుడు. 1865లో ప్రకటించిన ప్రయోగవైద్య గ్రంథమున అతడు తన ప్రయోగముల పుట్టుకను కథవలె చెప్పినాడు. అందులో నొకటి మనకు కావలసినది.

ఒకనాడు అతని ప్రయోగశాలకు సంతనుండి కుందేళ్లు తెచ్చినారు. బల్లమీద పెట్టగానే అవి మూత్రము విడిచినవి. ఆ మూత్రము తేటగా ఉన్నది. పరీక్షింపగా ఆమ్లగుణము కలిగియున్నది. మరొకరైన తుడిచివేయుమని నౌకరుతో చెప్పియుందురు. బెర్నార్డ్ నిలిచిపోయినాడు. ఎందుచేతననగా గడ్డితిను జంతువుల మూత్రము కలకగా, క్షారగుణముతో ఉండవలెను. తేటగా, ఆమ్లముగా ఉండునది మాంసాహారుల మూత్రము. శాకాహారియైన కుందేటికి పులి లక్షణ మెట్లు వచ్చినది? సంతలో వానికి బహుశః చాలసేపు ఎవరును మేత వేయలేదు. ఉపవాసమున్న జంతువు తన శరీరమాంసమునే తిని బ్రదుకుచున్నది. కనుక అది మాంసాహారియే అయినది అని అతడు ఊహించినాడు.

ఊహతో ఆగలేదు. ఆ కుందేళ్లకు గడ్డి వేయించినాడు. కొన్ని గంటలలో మూత్రము కలకబారి క్షారమైనది. మరల ఒకదినము, మహా అయిన దినమున్నర, పస్తుంచినాడు. తిరిగి తేటయై ఆమ్లమైనది. ఎన్నిసార్లు చేసినను అంతే. గుఱ్ఱముపై చేసినను అంతే. చివరకు ఉడికించి చల్లార్చిన గొడ్డుమాంసమును కుందేళ్లచే తినిపించినాడు. అవి తిన్నంతకాలము మూత్రము తేటగానే ఉన్నది. ఈ విషయమును గూర్చి 1846లో అతని వ్యాసము వెలువడినది. పిమ్మట ఆ మాంసము తిన్న కుందేళ్లను కోసి చూచినప్పుడు, క్రొవ్వు జీర్ణమైన తెల్లని రసము ప్రేవులలో క్రిందుగా, క్లోమనాళము వచ్చి కలియుచోటు మొదలుకొనియే కనిపించినది. కుక్కలలో ఆ నాళము పైననే కలియును. కుందేటిలో చాల దిగువను కలియును. క్లోమరసము క్రొవ్వును అరిగించునన్న ప్రసిద్ధ పరిశోధనకు దారి అక్కడ దొరకినది. బల్లమీది తడి ఎంతవరకు తీసికొనిపోయినదో చూడుడు!

ఈ ఘట్టమును చదువునప్పుడెల్ల నా మనస్సు రెండుగా చీలును. ఆ తర్కముయొక్క సౌందర్యమునకు నమస్కరింపబుద్ధి పుట్టును. కోతబల్లమీది ఆ ప్రాణులు తలపునకు వచ్చి చేయి వెనుకకు పోవును. బెర్నార్డ్ భార్యయు, కుమార్తెలును ఈ జీవచ్ఛేదమును భరింపలేక అతనికి ఎదురునిలిచినారు. ఆ సంసారము విడిపోయినది. మా అమ్మాయికి ఈ కథ చెప్పినప్పుడు మాంసము పెట్టినంతవరకే చెప్పితిని.

మరునాడు ఉదయము పంజరము క్రింది పళ్లెమును చూచితిని. మామూలుగా తెల్లగా, కలకగా ఉండునది. ఆనాడు గ్లాసులోని నీటివలె ఉన్నది. అమ్మాయి తన పాఠశాలనుండి నీలి లిట్మసు కాగితపు ముక్క తెచ్చి ముంచినది. ఎఱ్ఱనైనది. మా కుందేలు తనను తానే తినుచున్నదన్నమాట.

కాని అది మేతగిన్నె దగ్గరకు పోవుచున్నదే! కారెట్టు ముక్క వేయగానే పరుగెత్తుకొని వచ్చి మూతి పెట్టుచున్నదే! తినుచున్నదనియే అందరము చెప్పితిమి. గిన్నె దగ్గరకు పోవుట వేరు, తినుట వేరు అని మాకు తోచలేదు.

ఇక మూడవ సాక్ష్యము. కొన్నాళ్లుగా ఉదయమున పంజరములో ద్రాక్షగుత్తివంటి మెత్తని, జిగురుగల రెట్ట కనిపించుచుండెను. దానిని అతిసారమని భావించి నేను కడుపు జబ్బు అని మరొక నిశ్చయము చేసికొంటిని. ఇదియు తప్పే. 1882లో మోరో అను ఫ్రెంచి పశువైద్యుడు కుందేలు రెండు విధముల మలము విడుచునని తెలిపినాడు. పగలు మనము చూచు గట్టి పెంటికలు ఒకటి. సాధారణముగా రాత్రివేళ పెద్దప్రేగు మొదటనున్న సంచిలో పులిసి వచ్చు మెత్తని గుత్తులు రెండవది. వీనిని కుందేలు క్రింద పడనీయక నేరుగా నోటితో అందుకొని మ్రింగును. గడ్డినుండి మొదటిసారి అందని మాంసకృత్తులు, బి విటమినులు రెండవసారి దానికి అందును. ఆవు నెమరువేయుట యెట్టిదో ఇదియు నట్టిదే. మోరో మాట మరుగునపడినది. 1939లో డెన్మార్కునుండి మాడ్సెన్ అను నతడు, కుందేలు నెమరువేయునా అను ప్రశ్ననే శీర్షికగా పెట్టి 'నేచర్' పత్రికలో వ్రాయువరకు శాస్త్రలోకము దానిని పట్టించుకొనలేదు. బైబిలు పాతనిబంధనలో కుందేలు నెమరువేయు జంతువులలో చేర్చబడియుండుట చూచి పూర్వపు పండితులు నవ్వినారు. నవ్వవలసినంత విషయము లేదనుకొందును.

కనుక ఆ మెత్తని రెట్ట రోగము కాదు. ప్రతిరాత్రియు ఉండవలసినదే. మనకు కనిపించుటయే రోగము. గడ్డి తినలేదు, కారెట్టు నమలలేదు, చివరకు తన గుత్తులను గూడ అందుకొనలేదు. అన్నిటికిని సామాన్యమైనది నోరు.

ఆనాడే డాక్టరుగారి వద్దకు పోతిమి. కుందేలు ఒక దినము ఏమియు తినకున్నను దాని ప్రేవుల కదలిక ఆగిపోయి ప్రాణాపాయము కలుగునని ఆయన అన్నప్పుడు, నేను పురుగుల మందు పోసి కూర్చుండిన ఆ వారము నా కన్నుల ఎదుట నిలిచినది. ముందరి పండ్లు చక్కగా ఉన్నవి. మేము చూచినవియు అవియే. ఆయన దీపముగల సన్నని గొట్టమును నోటి ప్రక్కగా లోనికి పోనిచ్చి చూచి, నన్ను పిలిచినాడు. క్రింది దవడపండ్లలో నొకటి లోపలివైపు సూదివలె పెరిగి నాలుక అంచును కోసినది. అక్కడ తెల్లని పుండు.

కుందేటికి 28 పండ్లు. ముందరివే గాక దవడపండ్లును జీవితాంతము పెరుగుచునే యుండును. పై దవడలో పెద్ద పండ్ల వెనుక మరియొక చిన్న జత దాగియుండును. లిన్నేయస్ 1758లో ఎలుకల గుంపులో చేర్చిన ఈ జాతిని, 1912లో గిడ్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వేరుగా నొక గణమని వాదించి నిలువబెట్టినాడు. ఆ దొంగపండ్ల జత ఆ భేదమునకు ప్రసిద్ధమైన గుర్తు. పండ్లు పెరుగుటకు ప్రకృతి చూపిన విరుగుడు గడ్డి. గడ్డిలో ఇసుకవంటి సిలికా ఉండును. దానిని గంటలకొలది ప్రక్కకు ప్రక్కకు దవడ త్రిప్పుచు నమలుటచేత పండ్లు అరుగును. మేము పెట్టినది కారెట్లు, బిస్కట్లు, సంచులలో అమ్ము గుళికలు. ప్రేమతో పెట్టితిమి. నోటిలో ఆకురాయి తిరుగక కత్తి పెరిగినది.

మత్తు ఇచ్చి ఆ మొనను అరగదీసినారు. మూడుదినములు పిచికారీతో పలుచని ఆహారము పట్టవలసివచ్చినది. అమ్మాయి రాత్రులు అలారము పెట్టుకొని లేచినది. నాలుగవనాడు తానై ఒక గరికపోచ అందుకొని, చివరినుండి మొదటివరకు, యంత్రములో దారము పోయినట్లు లోనికి లాగుకొన్నది. ఆ చప్పుడు ఇంట్లో అందరము వింటిమి. రెండుదినములకు పళ్లెములో నీరు మరల కలకబారినది.

వినాయకచవితికి మా వీధిలో గరిక అమ్మువారు ఇప్పుడు మమ్ములను ఏడాదిపొడుగునను ఎరుగుదురు. ప్రతి ఆదివారము త్రాసుమీద తూచి అమ్మాయి నోటుపుస్తకములో వ్రాయుచున్నది. కడపటి అంకె 1,790. ఒకమారు వంకరగా పెరిగిన పన్ను మరల అట్లే పెరుగవచ్చుననియు, రెండునెలల కొకసారి నోరు చూపించవలెననియు డాక్టరుగారు చెప్పినారు. కార్తీకములో పోవలసియున్నది.