పిల్లలకు రోబోటిక్స్ బోధన: లోగో తాబేలు నుంచి కె.ఆర్.పురం దాకా

మోటార్లు, సెన్సర్లు ఉన్న చిన్న రోబోను పిల్లలే బిగించి, అది ఎలా నడవాలో ప్రోగ్రాం కూడా వాళ్లే రాసి నడిపించే చదువు ఇది. దీనికి 1960లలో అమెరికాలో పునాది పడింది. ఇప్పుడు బెంగళూరు తూర్పున కె.ఆర్.పురం, హూడి, మహదేవపుర వీధుల్లో సంగీతం, కరాటే, అబాకస్ బోర్డుల పక్కన రోబోటిక్స్ బోర్డు కూడా వేలాడుతోంది. ఈ అరవై ఏళ్లలో యంత్రాలు చాలా మారాయి, ధరలు బాగా దిగాయి. తేలకుండా మిగిలిన ప్రశ్న ఒక్కటే. రోబోకు బుద్ధి చెప్పేది పిల్లవాడా, పెట్టె తయారుచేసిన కంపెనీయా?

తాబేలుతో మొదలు

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో నాడీ శాస్త్రవేత్త గ్రే వాల్టర్ 1940ల చివర ఎల్మర్, ఎల్సీ అనే రెండు యంత్ర తాబేళ్లను తయారుచేశారు. వెలుగును పసిగట్టే సెన్సర్ ఒకటి, దేనికైనా తగిలితే తెలుసుకునే స్విచ్ ఒకటి, రెండు మోటార్లు, రెండు వాక్యూమ్ ట్యూబులు. ఇంతమాత్రం సరంజామాతోనే అవి అడ్డం వచ్చినదాన్ని తప్పించుకుంటూ దీపం వైపు నడిచేవి. అవి మెదడు పనితీరును అర్థం చేసుకోవడానికి చేసిన ప్రయోగాలు, పిల్లల కోసం చేసినవి కావు.

ఆ తాబేలు పిల్లల దగ్గరికి చేరడానికి సేమూర్ పాపర్ట్ కారకులు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ గణితవేత్త జెనీవాలో బాలల మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే దగ్గర కొన్నేళ్లు పనిచేసి, పిల్లలు తమ జ్ఞానాన్ని తామే కట్టుకుంటారన్న ఆలోచనను వెంటబెట్టుకుని అమెరికా వెళ్లారు. 1967లో బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో వాలీ ఫర్జిగ్, సింథియా సాలమన్ తదితరులతో కలిసి లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. తొలి లోగోలో తాబేలు లేదు, పిల్లలు మాటలతో, అంకెలతోనే ఆడుకునేవారు. రెండు మూడేళ్ల తరువాత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో (ఎం.ఐ.టి.) నేల మీద నడిచే తాబేలు వచ్చింది. ఒక పొడవాటి తీగ దాన్ని కంప్యూటర్‌కు కలిపేది, పొట్ట కింద పెన్ను ఉండేది. 'ఫార్వర్డ్ 100' అని కొడితే ముందుకు నడిచి గీత గీసేది, 'రైట్ 90' అంటే కుడికి తిరిగేది. ఈ రెండింటినీ నాలుగుసార్లు చేయిస్తే చతురస్రం.

త్రిభుజం గీయాలనుకున్న పిల్లలు చాలామంది మొదట 60 డిగ్రీలు తిప్పమంటారు. తాబేలు త్రిభుజానికి బదులు షడ్భుజి దారి పడుతుంది. లోపలి కోణం 60 అయినా తాబేలు తిరగాల్సింది 120 అని వాళ్లకు తెలిసేది అప్పుడే. ఏం జరిగిందో తేల్చుకోవడానికి పిల్లవాడు లేచి తనే తాబేలై గదిలో నడవాలని పాపర్ట్ చెప్పేవారు. తప్పు జవాబుకు ఎర్ర సిరా గీత పెట్టి వదిలేసే బడిలో, తప్పును వెతికి సరిచేయడమే అసలు చదువు అన్న మాట ఆ రోజుల్లో చాలా పెద్ద మాట. 1980లో ఆయన రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకానికి ఇదే ఆయువుపట్టు.

ఎం.ఐ.టి.లోనే 1970ల నడుమ రేడియా పెర్ల్‌మన్ చదవడం, టైపు చేయడం రాని మూడు నుంచి ఐదేళ్ల పసివాళ్ల కోసం మీటల పెట్టె, కార్డులు దూర్చే యంత్రం తయారుచేశారు. కార్డులను వరసగా గుచ్చితే అదే ప్రోగ్రాం. తరువాత కంప్యూటర్ నెట్‌వర్కుల రంగంలో పెద్ద పేరు తెచ్చుకున్న పెర్ల్‌మన్ చేసిన ఈ పనిని రోబోటిక్స్ బోధకులు కూడా అంతగా తలచుకోరు. ఇప్పుడు నర్సరీ పిల్లలకు అమ్మే తెర లేని రోబోల మూలం అక్కడే ఉంది.

కాటూరు నుంచి పారిస్‌కు

ఈ కథలో తెలుగువాడి పాత్ర ఒకటి ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఇంతవరకు తెలుగు పత్రికలు తరచూ రాసేదే. పారిస్‌లో ఫ్రెంచ్ పాత్రికేయుడు జీన్ జాక్ సర్వాన్ ష్రైబర్ స్థాపించిన ప్రపంచ కంప్యూటర్ కేంద్రంతో ఆయన అనుబంధం మాత్రం తక్కువమందికి తెలుసు. పేద దేశాలకు కంప్యూటర్‌ను చేర్చడం దాని ఆశయం. పాపర్ట్ 1982లో అక్కడ కొద్దికాలం ఉన్నారు. సెనెగల్ రాజధాని డకార్‌లో బడిపిల్లలకు లోగో నేర్పిన ప్రయత్నం ఆ కేంద్రం చేపట్టినదే. రాజ్ రెడ్డి ఆ కేంద్రానికి ప్రధాన శాస్త్రవేత్తగా పనిచేశారు. ఆ సేవకే 1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ చేతుల మీదుగా లీజియన్ ఆఫ్ ఆనర్ స్వీకరించారు. ఆ తరువాత పల్లెటూరి పిల్లలకు ఇంజినీరింగ్ చదువు అందించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వెనక కూడా ఆయన ఆలోచన ఉంది.

మెదడు ఇటుకలోకి చేరింది

తీగ ఉన్నంతకాలం రోబో బుద్ధి గది మూలన ఉన్న కంప్యూటర్‌లోనే ఉండేది. 1980ల నడుమ ఎం.ఐ.టి. బృందం డెన్మార్క్ బొమ్మల సంస్థ లెగోతో చేతులు కలిపింది. మిచెల్ రెస్నిక్, స్టీవ్ ఆకో తదితరులు లెగో ఇటుకలతో పిల్లలు కట్టిన బొమ్మలను లోగో ప్రోగ్రాంతో కదిలించారు. ఫ్రెడ్ మార్టిన్ వంటివారు ఇంకో అడుగు వేసి, చిన్న కంప్యూటర్‌ను ఇటుకలోనే పెట్టారు. దాంతో తీగ తెగింది, రోబో గది దాటి నడిచింది.

ఆ పరిశోధనే 1998లో లెగో మైండ్‌స్టార్మ్స్‌గా బజారుకు వచ్చింది. పేరు పాపర్ట్ పుస్తకానిదే. మూడు మోటార్లు, మూడు సెన్సర్లు కలుపుకునే ఆర్‌సీఎక్స్ అనే పసుపు ఇటుక అందులో ఉండేది. 2006లో ఎన్‌ఎక్స్‌టీ, 2013లో ఈవీ3 వచ్చాయి. ప్రోగ్రాంను టైపు చేయనక్కర లేకుండా తెర మీద దిమ్మెలను ఒకదానికొకటి తగిలించే పద్ధతి వీటితో స్థిరపడింది. రెస్నిక్ బృందమే 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ఆ పద్ధతిని ప్రపంచమంతా పాకించింది. 2022 చివర లెగో మైండ్‌స్టార్మ్స్ శ్రేణిని ఆపేసి, బడుల కోసం స్పైక్ శ్రేణిని ఉంచింది.

ఇవన్నీ మంచి సరుకే, కానీ ఖరీదైనవి. ఈవీ3 పెట్టె అమెరికాలోనే 350 డాలర్లు ఉండేది. సామాన్యుల ఇళ్లకు దారి తెరిచింది 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో పుట్టిన ఆర్డుయినో బోర్డు. డిజైన్ విద్యార్థుల కోసం మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్తియెల్లెస్ తదితరులు చేసిన ఈ బోర్డు నమూనాను ఎవరైనా తయారుచేసుకునేలా బహిరంగంగా పెట్టారు. అందువల్ల దాని చవక నకళ్లు కోకొల్లలుగా వచ్చాయి. మన దగ్గర పిల్లల రోబోటిక్స్ నిలబడింది ఈ చవక బోర్డుల మీదే.

భారతదేశంలో

మన దేశంలో ఈ చరిత్ర తలకిందులుగా నడిచింది. కేంద్ర ప్రభుత్వం 1984లో 'క్లాస్' పథకం కింద మొదట సుమారు 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో అవే కంప్యూటర్లకు నేల తాబేళ్లు తగిలించి ఆడించారు. ఇక్కడికి మాత్రం తాబేలు ఒళ్లు లేకుండా, తెర మీద త్రిభుజంగా వచ్చింది. తరువాత చాలా ఏళ్లపాటు ఇంగ్లిషు మీడియం బడుల కంప్యూటర్ పుస్తకాల్లో లోగో పాఠం ఉండేది. 'ఎఫ్‌డీ 100, ఆర్‌టీ 90' అని పిల్లలు కంఠస్థం చేసి పరీక్షలో రాసేవారు. బట్టీకి విరుగుడుగా పుట్టిన భాష చివరికి బట్టీ పట్టే పాఠమైంది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ఘట్టం ఇదే.

నిజమైన రోబోలు పోటీల ద్వారా వచ్చాయి. 2004లో సింగపూర్‌లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్ అంతర్జాతీయ పోటీకి 2016లో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడా వేదికైంది. అదే ఏడాది నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నొవేషన్ మిషన్ ఏర్పడి, బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టడం మొదలైంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తారు. ఇలాంటివి దేశంలో పదివేలు దాటాయి. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. 2020 జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను మిడిల్ స్కూలు దశ నుంచి చేర్చమంది. ఒక రాష్ట్రంగా అందరికన్నా ముందు నడిచింది కేరళ. అక్కడ 2025లో రోబోటిక్స్ పదో తరగతి పిల్లలందరికీ పాఠ్యాంశమైంది.

కె.ఆర్.పురంలో

కృష్ణరాజపురం పాత మద్రాసు రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డు కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు జిల్లాలోకి పోతుంది. కుప్పం మీదుగా వెళ్లే రైలు మార్గం కూడా ఇక్కడి స్టేషన్ గుండానే సాగుతుంది. అందుకే ఇక్కడ తెలుగు మాట అడుగడుగునా వినిపిస్తుంది. యంత్రం ఈ ఊరికి కొత్త కాదు. పక్కనే ఉన్న దూరవాణినగర్‌లో 1948లో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ దేశానికి టెలిఫోన్లు, ఎక్స్‌ఛేంజీలు చేసిపెట్టింది. తరువాత వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చి, ఉద్యోగుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 2023లో మెట్రో కూడా కె.ఆర్.పురం చేరింది. పిల్లలకు కోడింగ్ నేర్పాలన్న తపన ఉన్న తల్లిదండ్రులకు ఇక్కడ కొదవ లేదు.

ఈ ప్రాంతపు క్లాసుల్లో సాధారణంగా తొలి పెద్ద ప్రాజెక్టు నల్లగీత వెంట నడిచే లైన్ ఫాలోయర్. రెండు పసుపు బీఓ (బ్యాటరీతో నడిచే) మోటార్లు, ముందు ఒక క్యాస్టర్ చక్రం, మోటార్ డ్రైవర్, ఆర్డుయినో, కింద రెండు ఐఆర్ సెన్సర్లు. మోటారైనా, సెన్సరైనా వంద రూపాయలకు అటూ ఇటూ, కావాలంటే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో విడిగా దొరుకుతాయి. ఐఆర్ సెన్సర్ కంటికి కనిపించని పరారుణ కాంతిని నేల మీదికి వదులుతుంది. తెల్ల కాగితం దాన్ని తిప్పికొడుతుంది, నల్ల టేపు మింగేస్తుంది. ఎడమ సెన్సర్‌కు నలుపు తగిలితే ఎడమకు తిరుగు, కుడి దానికి తగిలితే కుడికి తిరుగు, రెండింటి కిందా తెలుపే ఉంటే నేరుగా పో. ప్రోగ్రాం ఇంతే.

నేల మీద పెట్టాక అసలు పాఠం మొదలవుతుంది. "అది ఒక పక్కకే పోతా ఉండాది సార్" అంటాడు పిల్లవాడు. రెండు మోటార్లకూ ఒకే వేగం ఇచ్చాడు, ప్రోగ్రాంలో తప్పు లేదు. కానీ ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బీఓ మోటార్లు ఒకే వేగంతో తిరగవు. ఒకదానికి 200, రెండోదానికి 215 అంటూ అంకెలు మార్చి మార్చి చూస్తే గానీ రోబో నేరుగా నడవదు. సెన్సర్ మీద నీలం డబ్బా ఒకటి, దాని మీద చిన్న స్క్రూ ఉంటుంది. ట్యూబులైటు కింద ఆ స్క్రూ తిప్పి సరిచేసిన రోబో, కిటికీ పక్క ఎండలోకి రాగానే దారి తప్పుతుంది. ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుందని ఆ పిల్లవాడికి ఎవరూ వేరే చెప్పనక్కర లేదు. చెయ్యి అడ్డం పెట్టి నీడ చేసి తనే కనిపెడతాడు.

అల్ట్రాసోనిక్ సెన్సర్ సంగతీ ఇలాంటిదే. అది మనకు వినపడని 40,000 హెర్ట్జ్ శబ్దాన్ని వదిలి, ప్రతిధ్వని తిరిగి వచ్చేదాకా పట్టిన కాలాన్ని మైక్రోసెకన్లలో కొలుస్తుంది. దాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. చాలా క్లాసుల్లో 58ని బోర్డు మీద రాసేసి ముందుకు పోతారు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, సెంటీమీటరు దూరం వెళ్లి రావడానికి దాదాపు 58 మైక్రోసెకన్లు పడుతుంది. ఏడో తరగతి పిల్లలు ఐదు నిమిషాల్లో చేసే లెక్క ఇది. ఆ ఐదు నిమిషాలు ఇచ్చిన క్లాసులో భౌతికశాస్త్రం వస్తుంది, ఇవ్వని క్లాసులో అంకె మాత్రమే మిగులుతుంది.

లోపాలు, ప్రయత్నాలు

ఫీజులు కట్టించుకునే క్లాసుల మీద ఒత్తిడి వేరు. నెల తిరిగేసరికి తల్లిదండ్రులకు చూపించడానికి ఒక రోబో కావాలి. అందుకని ప్రోగ్రాం ముందే రాసి ఉంచి, పిల్లల చేత స్క్రూలు మాత్రం బిగించి వీడియో తీసి పంపడం జరుగుతుంటుంది. ఆ వీడియోలో రోబో చక్కగా నడుస్తుంది. అలాంటి క్లాసును రోబోటిక్స్ బోధన అనడం సరికాదు. ప్రభుత్వ ల్యాబుల ఇబ్బంది ఇంకో రకం. పెట్టెలు వస్తాయి, వాటిని విప్పి నేర్పే టీచరుకు తన సైన్సు, లెక్కల పీరియడ్లు ఎలాగూ ఉంటాయి. సెన్సర్ పాడవుతుందన్న భయంతో బీరువాకు తాళం వేసిన ల్యాబులో పిల్లలు నేర్చుకునేది తక్కువ.

చేతితో చేసి నేర్చుకునే సైన్సును పల్లె బడులకు చేర్చిన అనుభవం దగ్గర్లోనే ఉంది. బెంగళూరు కేంద్రంగా 1999లో రామ్‌జీ రాఘవన్ స్థాపించిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల ఆవరణ ఉంది. చవక సామగ్రితో చేసిన నమూనాలను వ్యాన్లలో బడులకు తీసుకెళ్లి, పిల్లల చేతికే ఇచ్చి ప్రశ్నలు అడగనివ్వడం దాని పద్ధతి. 

అటల్ ల్యాబుల టీచర్లకు తోడుగా 2017లో 'మెంటార్ ఆఫ్ చేంజ్' అనే కార్యక్రమం మొదలైంది. ఉద్యోగులు స్వచ్ఛందంగా వారానికి ఒకటి రెండు గంటలు బడికి వెళ్లి పిల్లలతో పనిచేయాలి. ప్రోగ్రాం రాయడమే వృత్తి అయిన మనుషులు ఇంతమంది ఉన్న కె.ఆర్.పురం, మహదేవపుర లాంటి చోట ఈ ఏర్పాటుకు ఎక్కువ అవకాశం ఉంది. వారి నుంచి కోరేది పెద్ద పరిజ్ఞానమేమీ కాదు. పిల్లవాడి రోబో గోడకు గుద్దుకున్నప్పుడు చెయ్యి చాపి కోడ్ దిద్దకుండా, ఎందుకు గుద్దుకుందో వాడినే కనుక్కోనివ్వాలి.