స్లైడు ప్రదర్శన సాఫ్ట్‌వేర్

సభాముఖమున ప్రసంగించు వ్యక్తి తన విషయమును అక్షరములతోను, పటములతోను, చిత్రములతోను పుటలుగా అమర్చుకొని, వానిని ఒకదాని వెంట నొకటిగా తెరపై చూపుటకు తోడ్పడు కంప్యూటరు సాధనమునకు స్లైడు ప్రదర్శన సాఫ్ట్‌వేర్ అని పేరు. ఈ జాతి సాధనములలో మిక్కిలి వ్యాప్తి నొందినది పవర్‌పాయింట్.

పూర్వరంగము: గాజుపలకపై లిఖించిన చిత్రమును దీపకాంతిచే గోడపై పడజేయు మాయాదీపమును డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659 ప్రాంతముననే రూపొందించెను. 20వ శతాబ్దిలో 35 మిల్లీమీటర్ల ఫిల్ము స్లైడులును, పారదర్శక పత్రములను చూపు ఓవర్‌హెడ్ ప్రొజెక్టరును దాని స్థానము నాక్రమించెను. అయినను స్లైడుపై ఒక్క అంకె మారవలసి వచ్చినను, పటములు గీయువారి కడకో, ఫిల్ము సిద్ధము చేయు శాలకో పోక తప్పకుండుటచే, వక్తకు తన స్లైడులపై స్వాతంత్ర్యము లేకుండెను.

ఉద్భవము: ఈ పరాధీనతను తొలగింపవలెనను సంకల్పముతో, కాలిఫోర్నియాలోని ఫోర్‌థాట్ అను చిన్న సంస్థలో 1984లో చేరిన రాబర్ట్ గాస్కిన్స్ ఒక ప్రణాళికను రచింపగా, డెన్నిస్ ఆస్టిన్, టామ్ రడ్కిన్ అనువారు దానికి ప్రోగ్రాము రూపము నిచ్చిరి. తొలుత దీనికి ప్రెజెంటర్ అని నామకరణము చేసిరి గాని, వాణిజ్య నామమునకు సంబంధించిన చిక్కు వలన పవర్‌పాయింట్ అని మార్చిరి. 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటరు కొరకు వెలువడిన ప్రథమ రూపము నలుపు తెలుపులలో మాత్రమే పుటలను సిద్ధపరచెడిది; ఆ యేడు జూలైలోనే మైక్రోసాఫ్ట్ సంస్థ ఫోర్‌థాట్‌ను 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనెను. 1988లో వర్ణములును, 1990లో విండోస్ రూపమును వచ్చి చేరెను. 1992 నాటి మూడవ రూపము, ముద్రణతో పనిలేకుండ కంప్యూటరు నుండియే తెరపై ప్రదర్శించుటకును, ఒక స్లైడు నుండి మరియొక దానికి వివిధ రీతుల సంక్రమించుటకును వీలు కల్పించెను.

ముఖ్య సదుపాయములు: అక్షరముల పరిమాణము, వర్ణము, సంస్థ చిహ్నము మొదలగు వానిని ఒక్కచోట నిర్ణయించి, అచ్చట చేసిన మార్పు తక్కిన స్లైడు లన్నిటికిని సంక్రమించునట్లు చేయు ‘స్లైడ్ మాస్టర్’ వీనిలో ప్రధానమైనది. స్లైడు లన్నిటిని చిన్న బొమ్మలుగా ఒకేసారి చూపి, ప్రసంగ క్రమమును సవరించుకొన నిచ్చునది ‘స్లైడ్ సార్టర్’. వక్త తనకై వ్రాసికొను నోట్సు తొలి రూపము నుండియు కలదు. దానిని ప్రేక్షకులకు కనబడకుండ, తదుపరి స్లైడుతోడను గడచిన కాలముతోడను వక్త కంప్యూటరుపై మాత్రమే చూపునది ‘ప్రెజెంటర్ వ్యూ’. ప్రదర్శన మధ్యమున ‘బి’ మీటను నొక్కినచో తెర నల్లబడి, సభాసదుల దృష్టి వక్తవైపు మరలును. మరల నొక్కినచో స్లైడు ప్రత్యక్షమగును. ఈ అల్పోపాయము నెరిగినవారు అరుదు గాని, దీని ప్రయోజనము గొప్పది.

ఇతర సాధనములు: 2003లో ఆపిల్ సంస్థ కీనోట్‌ను, 2007లో గూగుల్ సంస్థ పలువురు ఏకకాలమున కూర్పదగిన స్లైడు సాధనమును, 2009లో హంగరీ దేశీయులు విశాలమైన ఒకే పటముపై దృశ్యమును దగ్గరకును దూరమునకును జరుపు ప్రెజీని వెలువరించిరి. ఉచితముగా లభించు లిబ్రె ఆఫీస్‌లో ఇంప్రెస్ అను భాగమున్నది. తెలుగు యూనికోడ్ లిపి వీని యందెల్ల చెల్లుటచే, మన పాఠమును మన లిపియందే తెరపై చూపుట సుకరమైనది.

విమర్శ: 2003లో కల్పనా చావ్లా మున్నగు ఏడుగురు వ్యోమగాములు అసువులు బాసిన కొలంబియా వ్యోమనౌక దుర్ఘటనను విచారించిన సంఘము, ప్రాణాపాయమును సూచింపవలసిన ఒక స్లైడును చదివిన ఉన్నతాధికారికి ఆ తీవ్రత స్ఫురింపకుండుట సహజమేయని తన నివేదికలో ఆక్షేపించెను. ఎడ్వర్డ్ టఫ్టీ అను పండితుడును, విషయమును చిన్న చిన్న అంశములుగా ఖండించుటచే కార్యకారణ సంబంధము తెగిపోవునని వాదించెను.

ఈ చరిత్రను పరిశీలింపగా, చూపరుల కన్నులను మిరుమిట్లు గొలుపు చలనములకంటె, తెర వెనుక నిలిచి వక్త క్రమమును, కాలమును, స్మృతిని కాపాడు సదుపాయములే చిరస్థాయి ప్రయోజనము కలవని తేటపడును. స్లైడు ప్రసంగమునకు తోడే గాని, దానికి బదులు కాజాలదు.