పౌరులుగా మన చరిత్ర

యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు పౌలు తాను రోమా పౌరుడనని శతాధిపతికి తెలియజేశాడు. పరలోక పౌరసత్వము ఉన్నది గనుక ఈ లోకపు పౌరసత్వము అక్కరలేదని ఆయన తలంచలేదు. ఈ శతవార్షిక సమయములో మన సంఘ చరిత్రతోపాటు, ఈ దేశ పౌరులుగా మన చరిత్రను కూడ జ్ఞాపకము చేసికొనుట యుక్తమని తలంచుచున్నాము.

1935 చట్టము భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. స్వతంత్ర భారతములో అవి పోయాయి. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు, బెంగాలు క్రైస్తవుడు అయిన హరేంద్ర కుమార్ ముఖర్జీ 1949 మే నెలలో, మత మైనారిటీలకు చట్టసభలలో స్థానాల కేటాయింపు మానివేయవలెనని సలహా సంఘములో తీర్మానము ప్రతిపాదించారు. తోటి పౌరులపై నమ్మకముంచి మనవారు దానిని వదలుకున్నారు. రాజ్యాంగములో మతమును ప్రచారము చేసికొనే హక్కు 25వ అధికరణములోను, విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు 30వ అధికరణములోను నిలిచాయి.

అయితే 1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా మన సంఘాలలో అనేకులను బయట ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరచారు; క్రైస్తవులకు, ముస్లిములకు తెరువలేదు. మన రాష్ట్రములో ఇట్టివారిని బి.సి.-సి వర్గములో చేర్చి 1 శాతము కేటాయించారు. ఒకే పేటలో, ఒకే వెలిని అనుభవించిన అన్నదమ్ములలో బాప్తిస్మము పొందినవానికి ఒక సర్టిఫికెట్టు, పొందనివానికి మరొకటి! బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు మరొకటిగా బ్రతుకుతున్న బిడ్డల బాధ మనకు క్రొత్త కాదు.

మద్రాసులో చెప్పులు కుట్టుకొనే సూసై అను క్రైస్తవుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. మతము మారిన తరువాత కూడ అదే వెనుకబాటు ఉన్నదనుటకు తగిన ఆధారాలు లేవని 1985లో కోర్టు ఆయన పిటిషనును త్రోసివేసింది. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఆ మూడవ పేరాను తొలగించవలెనని సిఫారసు చేసింది. 2022లో కేంద్రము బాలకృష్ణన్ కమిషనును నియమించింది.

ఆధారాలు అడిగితే మనమేమి చూపగలము? పెండ్లి సంబంధాలలో, కమిటీ ఎన్నికలలో కులము చూచే అలవాటు మన మధ్యనే ఉన్నదని సిగ్గుతో ఒప్పుకొనవలసియున్నది. క్రైస్తవులకు కులము లేదని వేదికమీద చెప్పి, ఇంటిలో దానిని పాటిస్తే మన పేదల వ్యాజ్యాన్ని మనమే ఓడించినవారమౌతాము.

హక్కు అడుగుట అవిశ్వాసము కాదు, పౌలు అడిగాడు. అయితే బయట న్యాయము అడిగే నోరు లోపల న్యాయము చేయవలెను. రానున్న నూరేండ్లకు మన సంఘము ఈ రెండు పనులను చేపట్టునుగాక.