నిప్పు లేని పొగ - ఓ తీగ కథ

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. దీన్ని తప్పని నిరూపించడానికి సిగరెట్ కంపెనీలు దాదాపు నలభై ఏళ్ళుగా కోట్ల డాలర్లు పోస్తున్నాయి. పొగాకును కాల్చకుండా, కరెంటుతో వేడి చేసి, వచ్చిన ఆవిరిని పీల్పించే పరికరాల కోసం ఈ తంటా అంతా. మన దేశంలో 2019 నుంచి వీటి మీద నిషేధం ఉంది. జపాన్‌కో యూరప్‌కో ఆన్‌సైట్ వెళ్ళినవాళ్ళు మాత్రం చూసే ఉంటారు, లావుపాటి పెన్నులాంటి దాంట్లో పొట్టి సిగరెట్ గుచ్చి పీలుస్తుంటారు. దాని లోపల వేడెక్కే ముక్క చరిత్ర చదువుతుంటే మన వృత్తికి పనికొచ్చే సంగతి ఒకటి దొరికింది. అందుకే ఈ టపా.

ముందు మన చుట్టుపక్కల నుంచే మొదలుపెడదాం. మా పెబ్బేరు దాటాక బీచుపల్లి దగ్గర బెంగుళూరు హైవే కృష్ణను దాటుతుంది. అదే నది వెంట ఎగువకు పోతే బీజాపూర్ సీమ. అక్బరు పంపగా బీజాపూర్ వెళ్ళిన అసద్ బేగ్ 1604 ప్రాంతంలో తిరిగి ఆగ్రా చేరినప్పుడు పొగాకు, పీల్చే గొట్టం తెచ్చి పాదుషా ముందు పెట్టాడు. ఆస్థాన వైద్యుడు వద్దన్నా అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడట. 1617లో కొడుకు జహంగీర్ పొగాకు తాగొద్దని ఆజ్ఞ జారీ చేశాడు. ఆ ఆజ్ఞ ఎంత బాగా అమలైందో చెప్పక్కర్లేదు :)

హుక్కాను కనిపెట్టింది అక్బరు వైద్యుడు అబుల్ ఫతే గిలానీ అని చాలాచోట్ల రాస్తారు. ఆయన 1589లోనే చనిపోయాడు. అసద్ బేగ్ పొగాకు ఆగ్రా చేరడానికి పదిహేనేళ్ళ ముందన్నమాట. కాబట్టి ఆ కథను నేను అంత తేలిగ్గా నమ్మను. ఎవరు చేసినా హుక్కాలో ఒక ఇంజినీరింగ్ ఆలోచన ఉంది. నిప్పులు పైన, పొగాకు కింద, చాలాసార్లు మధ్యలో ఒక మట్టి బిళ్ళ. పొగ నీళ్ళలోంచి వస్తుంది కాబట్టి శుభ్రమై వస్తుందని నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఇప్పుడు తెలుసు. కానీ నిప్పును ఆకుకు దూరం జరపాలన్న ఆలోచన అప్పటికే ఉందని గుర్తుపెట్టుకోండి.

అదే ఆలోచన రెండోసారి మన గుంటూరుకు వచ్చింది, ఈసారి రైతు పొలంలోకి. 1920ల్లో అక్కడ వర్జీనియా పొగాకు మొదలైంది, దాంతోపాటే పొగాకు బ్యారన్లూ వచ్చాయి. బ్యారన్ అంటే ఆకును కర్రలకు కట్టి వేలాడదీసి ఎండబెట్టే గది. పొయ్యి బయట ఉంటుంది, వేడి గాలి రేకు గొట్టాల్లోంచి గదిలో తిరుగుతుంది, కట్టెల పొగ మాత్రం ఆకును తాకదు. 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపు తిరిగాక నెమ్మదిగా పెంచుకుంటూ, ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. ఐదారు రోజుల పని. రాత్రిళ్ళు నిద్ర మానుకుని థర్మామీటర్ చూస్తూ కట్టె ఎగదోసే మనిషే దీనికి కంట్రోలర్. వేడి తొందరగా పెంచితే ఆకు రంగు చెడి ధర పడిపోతుంది.

అమెరికాలో 1970ల నుంచి కట్టెలూ గొట్టాలూ వదిలేసి గ్యాస్ బర్నర్ మంటను నేరుగా బ్యారన్‌లోకి వదిలారు. ఖర్చు తగ్గింది కానీ, మంటలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకుతో కలిసి నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు పెరిగాయి. 2000 ప్రాంతంలో మళ్ళీ మంటకీ ఆకుకీ మధ్య అడ్డు పెట్టించారు. అంటే విషంలో కొంత భాగం సిగరెట్ వెలిగించకముందే, ఎండబెట్టేటప్పుడే ఆకులో తయారవుతుంది. ఈ పాయింటుకు తర్వాత వస్తాను.

ఇప్పుడు తీగ సంగతి. కరెంటు తీగలో పుట్టే వేడి లెక్క జౌల్ 1841లోనే చెప్పాడు. కానీ ఎర్రగా కాలినా తుప్పు పట్టని తీగ దొరకడానికి 1906 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్‌కు నికెల్, క్రోమియం మిశ్రమం మీద పేటెంటు వచ్చింది. అదే నిక్రోమ్. మన కరెంటు పొయ్యిలో, ఇస్త్రీపెట్టెలో ఎర్రబడేది దాని సంతతే. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్డుకు సుమారు 53 ఓమ్‌ల రెసిస్టెన్స్ చాలు. జేబులో పెట్టుకునే పరికరంలో ఉండేది 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ. అక్కడ 13, 14 వాట్లు రావాలంటే రెసిస్టెన్స్ 1 ఓమ్ దగ్గర ఉండాలి. డిజైన్ మొత్తం ఇక్కణ్ణుంచే మారిపోతుంది.

కంపెనీల మొదటి ప్రయత్నంలో కరెంటే లేదు. 1988లో ఆర్.జె. రెనాల్డ్స్ 'ప్రీమియర్' తెచ్చింది. కొసన ఉన్న కార్బన్ ముక్కను వెలిగిస్తే దాని వేడికి లోపలిది ఆవిరవుతుంది. వెలిగించడం కష్టం, వాసన ఘోరం. నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. 1998లో ఫిలిప్ మోరిస్ 'అకార్డ్' తెచ్చింది. అందులో 8 చిన్న హీటర్లు, ఒక్కో దమ్ముకు ఒక్కోటి వెలుగుతుంది. అదీ ఆడలేదు. 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో వదిలిన 'ఐకాస్' మాత్రం నిలబడింది. దాంట్లో ఒకే ఒక సిరామిక్ బ్లేడు, దాని మీద సన్నని ప్లాటినం గీత. బ్లేడు పొగాకు మధ్యలోకి గుచ్చుకుంటుంది.

నాకు బాగా నచ్చింది ఆ ప్లాటినం గీతే. వేడెక్కితే నిక్రోమ్ రెసిస్టెన్స్ పెద్దగా మారదు, హీటర్‌గా దాని గొప్పతనం అదే. ప్లాటినం అలా కాదు. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లుంటే 350 డిగ్రీల దగ్గర సుమారు 230 అవుతుంది. అంటే వేడి చేసే తీగే థర్మామీటరు కూడా. విడిగా సెన్సర్ అక్కర్లేదు. చిప్ ఎప్పటికప్పుడు రెసిస్టెన్స్ కొలుస్తూ కరెంటును తగ్గిస్తూ పెంచుతూ బ్లేడును 350 దాటనివ్వదు. దమ్ము లాగినప్పుడు గాలి తగిలి బ్లేడు చల్లబడితే అదీ తెలిసిపోతుంది. మామూలు సిగరెట్ కొస దమ్ము లాగినప్పుడు 900 డిగ్రీల దాకా పోతుంది. గుంటూరు బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకున్న మనిషి పని ఇప్పుడు ఒక లూప్ చేస్తోంది. 2021లో వచ్చిన కొత్త మోడల్లో బ్లేడే లేదు. మన ఇండక్షన్ స్టవ్ లాగా, కాయిల్ బయట ఉండి సిగరెట్ లోపలి లోహపు ముక్కను వేడి చేస్తుంది.

ఇంజినీరుగా చూస్తే చప్పట్లు కొట్టాల్సిన పనే. ఇంతకీ వీళ్ళకిచ్చిన రిక్వైర్‌మెంట్ ఏమిటి? "మంట తీసెయ్యండి, నికోటిన్ మాత్రం అంతే అందాలి." నికోటిన్ అందకపోతే కస్టమర్ మళ్ళీ రాడు కదా! మంట పోతే కార్బన్ మోనాక్సైడ్ లాంటివి బాగా తగ్గుతాయి, నిజమే. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా హానికర రసాయనాలు తక్కువగా తగులుతాయని చెప్పుకోవడానికి ఐకాస్‌ను అనుమతించింది. రోగాల ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. తేడా గమనించండి. పైన చెప్పిన నైట్రోసమైన్ల సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అవి బ్యారన్‌లోంచే ఆకుతో వస్తాయి, కొంత ఆవిరిలోకీ చేరతాయి. తీగ ఎంత తెలివైనదైనా ఆకులో ముందే ఉన్నదాన్ని తీసెయ్యలేదు. పైగా పొగాకు క్యాన్సర్ బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది, 2014లో వచ్చిన వస్తువుకు ఆ లెక్క ఇంకా తేలనే లేదు.

2019 చట్టం ఈ-సిగరెట్లతో పాటు వీటినీ పేరు పెట్టి నిషేధించింది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కొత్త అలవాటును మొదట్లోనే ఆపడం మంచిదేనని నా అభిప్రాయం. కానీ మా పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం కుదిరాక బీడీ ముట్టించే పెద్దాయనకు ఈ చట్టంతో ఒరిగిందేమీ లేదు. ఆయన పీల్చే 900 డిగ్రీల వస్తువు అప్పుడూ చట్టబద్ధమే, ఇప్పుడూ చట్టబద్ధమే. కంపెనీల వాదనకు బలమంతా ఇక్కడే ఉంది. దానికి జవాబు ఇంకో పరికరం తేవడం కాదు, బీడీ మానడానికి ఆయనకు పక్కనే ఉన్న ప్రభుత్వాసుపత్రిలో సాయం దొరకడం.

మన ప్రాజెక్టుల్లోనూ ఇంతే కదా. అన్ని టెస్టులూ పాసవుతాయి, పెర్ఫార్మెన్స్ అదిరిపోతుంది. ఆ రిక్వైర్‌మెంట్ ఎవరి లాభం కోసం రాశారని మాత్రం మీటింగులో ఎవరూ అడగరు. మీరెప్పుడైనా అడిగారా? అడిగితే ఏమన్నారో చెప్పండి.