వెయ్యి బీడీల మీద పన్ను

మా అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యాకే లేచేది. రేకు పెట్టి తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం. ఇరవై అయిదు ఒక కట్ట. నిజామాబాద్ జిల్లాలో మా వాడంతా అదే పని, అదే దగ్గు.

ఆ బీడీల మీదే ఒక పన్ను ఉండేది. 1976లో కేంద్రం రెండు చట్టాలు చేసింది: ఒకటి సెస్సు వసూలుకు, రెండోది ఆ డబ్బు కార్మికుల సంక్షేమానికి ఖర్చు పెట్టడానికి. డిస్పెన్సరీలు, క్షయ వైద్యం, ఇళ్లకు సాయం, పిల్లలకు స్కాలర్‌షిప్పులు అందులోంచే. నా ఎనిమిదో తరగతి పుస్తకాలు ఆ డబ్బుతో కొన్నవే. అది ఎవరి దయా కాదు, అమ్మ వేళ్ల కష్టం.

గుర్తింపు కార్డు లేకపోతే మాత్రం ఏదీ లేదు. కార్డు కోసం తిరిగితే ఆ పూట కూలి పోయినట్టే. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు చుట్టింది; ఆమె బీడీలన్నీ వేరొకరి పాసుబుక్కులో పడ్డాయి.

2017లో జీఎస్టీ వచ్చి సెస్సు పోయింది. బీడీల మీద 28 శాతం పన్ను పడింది, కానీ అందులో కార్మికుల పేరున విడిగా పక్కన పెట్టిన పైసా లేదు.

అమ్మ కార్డు నా దగ్గరుంది. ఫోటో మీద ఆమె బొటనవేలి తంబాకు మరక.