కరాచీ గదిలో మన టీవీ

ఇంకా నిప్పు పెట్టలేదేమని అవతలి గొంతు. లేదు, తగలబెట్టడానికి పరుపు సిద్ధం చేస్తున్నానని ఇవతలి గొంతు.

2008 నవంబరు 26, అర్ధరాత్రి దాటింది. ఇవతల ముంబయి తాజ్ హోటల్. అవతల కరాచీలో ఒక గది. తాజ్‌లో చొరబడ్డ ఉగ్రవాద కుర్రాళ్లకు ఆ వైభవం చూసి మతిపోయింది. ఇన్ని దీపాలు, ఇన్ని మీటలు, 30 అంగుళాల తెరలున్న కంప్యూటర్లు అంటూ ఫోన్లో చెప్పుకుపోతున్నారు. అవతలివాడికి ఆ వర్ణనలు అక్కర్లేదు. వాటినింకా తగలబెట్టలేదా అని అడిగాడు. మంటలు కనిపిస్తేనే జనం భయపడతారని వాడి లెక్క.

మంట లేచిందో లేదో అంత దూరంలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? ఎదురుగా టీవీ ఉంది. అందులో మన చానళ్లే నడుస్తున్నాయి.

ఇది అల్లిన కథ కాదు. ఆ రాత్రే ముంబయి పోలీసులు ఆ ఫోన్లపై నిఘా పెట్టి మాటలు రికార్డు చేశారు. తర్వాత అవి కోర్టు ముందుకొచ్చాయి. తెల్లవారుజామున మూడు దాటాక తాజ్‌కు ఇంకో కాల్. మీ హోటల్లో ముగ్గురు మంత్రులున్నారు, ఏ గదిలోనో తెలియదు అన్నాడు కరాచీవాడు. బయట నేవీ, పోలీసు బృందాలున్నాయి, వాళ్లమీద గ్రెనేడ్లు విసరండి అనీ చెప్పాడు. ఒబెరాయ్ హోటల్లో ఉన్నవాళ్లకేమో, మీడియా అంతా రికార్డు చేస్తోంది, వీలైనంత నష్టం చేయండి, ప్రాణాలతో దొరక్కండి అని హితబోధ. హోటల్లో ఉన్నవాడికి తన కిటికీ కిందేం జరుగుతోందో తెలియకపోయినా కరాచీకి తెలుసు. ఉప్పందించడానికి వేరే గూఢచారి ఎందుకు?

అదే రాత్రి ఇంకో కెమెరా కూడా పనిచేసింది. దాని సంగతి చెప్పకపోతే అన్యాయం.

సీఎస్‌టీ రైల్వేస్టేషన్‌కు ఎదురుగానే ముంబయి మిర్రర్ ఆఫీసు. ఫొటో ఎడిటర్ సెబాస్టియన్ డిసౌజా తుపాకుల మోత విన్నాడు. నికాన్ కెమెరా, రెండు లెన్సులు పట్టుకుని స్టేషన్లోకి పరుగెత్తాడు. జనమంతా బయటికి ఉరుకుతుంటే ఈయన లోపలికి. ఆగి ఉన్న రైలు పెట్టెలో నక్కి లెన్సు బయటికి పెట్టాడు. ఫ్లాష్ ఒక్కసారి మెరిస్తే చాలు, ఎక్కడున్నాడో పట్టిచ్చేస్తుంది. చూపులో పడ్డవాడు వీపున సంచీ, చేతిలో ఏకే-47తో నింపాదిగా నడుస్తున్నాడు. క్లిక్.

ఆ బొమ్మలోని కుర్రాడే దాడికి వచ్చినవాళ్లలో ఒకడైన కసబ్. డిసౌజా తర్వాత కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఆ ఫొటోలు సాక్ష్యాలయ్యాయి. కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈయన సాహసాన్నీ, ఇంకో ఫొటోగ్రాఫర్ సాహసాన్నీ ప్రత్యేకంగా మెచ్చుకుంది.

మళ్లీ టీవీ దగ్గరికి వద్దాం. ఈ కథలో మన హైదరాబాద్‌కూ ఒక వేషం కట్టబెట్టారు. దాడికి వచ్చినవాళ్ల దగ్గర హైదరాబాద్ కాలేజీ పేరుతో దొంగ గుర్తింపు కార్డులున్నాయి. ‘డెక్కన్ ముజాహిదీన్’ పేరుతో మీడియాకు ఈమెయిల్ వెళ్లింది. ఉగ్రవాదులు చొరబడ్డ మరో భవనం నారిమన్ హౌస్ నుంచి ఒకడు ఒక చానల్‌కు ఫోన్ చేశాడు. ఎక్కడివాళ్లమని చెప్పాలో, ఏ బాధలు ఏకరువు పెట్టాలో అన్నీ కరాచీ నుంచి నూరిపోశారు. చానల్ ఆ పాఠాన్ని దేశమంతా వినిపించింది. గోకుల్‌చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 42 మందిని పోగొట్టుకుని ఏడాది దాటిందో లేదో, అప్పుడే ఆ నెత్తుటి మరక ఈ ఊరికే పూయబోయారు. ఆ గొంతు వింటూ మనలో ఎందరం నిజమేనేమో అనుకున్నాం!

నవంబరు 28 ఉదయం. కొలాబా ఇరుకు సందుల మీద ఎంఐ-17 హెలికాప్టర్. నల్లదుస్తుల ఎన్‌ఎస్‌జీ కమాండోలు తాళ్లు పట్టుకుని నారిమన్ హౌస్ డాబా మీదికి జారుతున్నారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... ఎంతమంది దిగారో లెక్కపెట్టుకోవచ్చు. ఇళ్లలో మనం కాఫీ గ్లాసులతో లెక్కపెట్టాం. కరాచీలోనూ టీవీ ఉంది. ఆ భవనంలో హవల్దార్ గజేందర్ సింగ్ నేలకొరిగాడు.

ఆయన టీవీ వల్లే చనిపోయాడని నేననను. ప్రసారాల వల్ల బలగాలకు ప్రాణనష్టం జరిగిందో లేదో తేల్చలేకపోవచ్చని సుప్రీంకోర్టే 2012 ఆగస్టు 29 నాటి తీర్పులో చెప్పింది. కానీ వాళ్ల పనిని ప్రమాదంలోకి నెట్టాయనడంలో సందేహం లేదంది. చానళ్లు చూసుకున్నది దేశ ప్రయోజనం కాదు, సొంత వ్యాపారమని మొహం మీదే అంది. మా పాత్రికేయ వృత్తివాళ్లం ఆ వాక్యాన్ని తలదించుకుని చదవాలి.

అయితే మొత్తంగా నోరు నొక్కేస్తే సరిపోతుందా? నవంబరు 28న ముంబయి పోలీసులు కేబుల్‌లో వార్తా చానళ్లు ఆపించారు. జనం ఇంకా హడలిపోయారు. కాసేపటికే ఉత్తర్వు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తెర నల్లబడితే వదంతి రాజ్యమేలుతుంది. చెప్పాల్సింది చెప్పాలి, ఏ మెట్టు మీద ఏ కమాండో ఉన్నాడో చెప్పకూడదు. అంత తేలికైన తేడా తెలుసుకోవడానికి మనకు 166 ప్రాణాలు కావాల్సి వచ్చాయి.

2015లో కేబుల్ నిబంధనలు మార్చారు. ఉగ్రవాదులపై ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ లైవ్ కుదరదు, నియమించిన అధికారి అప్పుడప్పుడూ చెప్పేదే ప్రసారం చేయాలి. 2025 ఏప్రిల్‌లో, పహల్గాం దాడి తర్వాత నాలుగు రోజులకు, కేంద్రం ఆ మాటే మళ్లీ గుర్తుచేసింది. ఈసారి చానళ్లకే కాదు, సోషల్ మీడియా వాడేవాళ్లకూ చెప్పింది. ఎందుకంటే ఇప్పుడు లైవ్ పంపే ఓబీ వ్యాను ప్రతి జేబులోనూ ఉంది.

రేపెప్పుడైనా మీ వీధిలో బలగాలు దిగితే 112కి ఫోన్ చేయండి. లైవ్ మాత్రం పెట్టకండి.